టోక్యోలో ఏం తినాలి? (చరిత్ర నంజుకుని)

టోక్యో ఆన్‌సైట్ ఖాయమైందని తెలియగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ప్రాజెక్టు గురించి కాదు, అలవెన్సు గురించి కూడా కాదు. "గురూ, అక్కడ తిండి సంగతేంటి?" అని. ఆ తర్వాత సూట్‌కేసులో ఆవకాయ సీసా, కందిపొడి, చిన్న కుక్కరు. అన్నీ సర్దాక మిగిలిన చోట బట్టలు. ఇందులో తప్పేం లేదు, నేనూ అలా వెళ్ళినవాణ్ణే.

అడిగినవాళ్ళకి నేనో లిస్టు చెబుతుంటాను. సుషీ, రామెన్ ఎక్కడ బాగుంటాయో చెప్పేవాళ్ళు వీధికి పదిమంది ఉన్నారు కాబట్టి నా లిస్టులో అవి ఉండవు. నేను చెప్పేవి నాలుగైదు పాత చోట్లు. అక్కడ ప్లేటులోకి వచ్చేదాని వెనక మన స్వాతంత్ర్య పోరాటం ఉంది. స్కూల్లో మనకి ఒక్క పేరాలో చెప్పి వదిలేసిన భాగం అది. ఆ కథ తెలిసి తింటే రుచి పెరుగుతుందో లేదో చెప్పలేను గానీ, బిల్లు కట్టేటప్పుడు మాత్రం కాసేపు ఆలోచిస్తారు.

ముందు జపాన్ కూర సంగతి. జపాన్ వాళ్ళ 'కరే రైసు' తిన్నవాళ్ళకి తెలుసు, అది మన కూర కాదు. గోధుమ పిండి వేసి చిక్కబరిచిన, కాస్త తియ్యగా ఉండే గోధుమరంగు ముద్దపులుసు. అది వాళ్ళకి మన దగ్గర్నుంచి రాలేదు, ఇంగ్లండు నుంచి వచ్చింది. మెయిజీ కాలంలో, 1872లో అచ్చయిన పాశ్చాత్య వంటల పుస్తకాల్లోనే కూర కనిపిస్తుంది. వాటిలో ఒకదాంట్లో కప్ప మాంసంతో చేసే పద్ధతి ఉంది! ఇంగ్లీషు వాళ్ళ డబ్బాల్లో వచ్చిన కరీ పౌడరు, ఇంగ్లీషు నౌకాదళాన్ని చూసి నేర్చుకున్న జపాన్ నౌకాదళం, అలా అలా అది ఇంటింటికీ పాకింది. మన భాషలో చెప్పాలంటే మన కూరని ఇంగ్లండు ఫోర్క్ చేసింది, దాన్ని జపాన్ మళ్ళీ ఫోర్క్ చేసింది. ఒరిజినల్ కోడ్ ఎక్కడుందో ఎవరికీ పట్టలేదు. ఒక పరారీ ఖైదీ లాంటి మనిషి వచ్చి "ఇది మాది కాదు" అనేదాకా.

ఆ మనిషి పేరు రాస్ బిహారీ బోస్. సుభాష్ చంద్ర బోస్ కాదు, ఆయనకన్నా పదకొండేళ్ళు పెద్ద, ఇద్దరికీ చుట్టరికం కూడా లేదు. 1886లో బెంగాల్లో పుట్టాడు. డెహ్రాడూన్‌లో అటవీ పరిశోధన సంస్థలో హెడ్ క్లర్కు. పగలు ఫైళ్ళు, రాత్రి బాంబులు. 1912 డిసెంబరు 23న ఢిల్లీ చాందినీ చౌక్‌లో ఏనుగు మీద ఊరేగుతున్న వైస్రాయ్ హార్డింజ్ మీద బాంబు పడింది. దాని వెనక ఉన్న బుర్ర ఈయనదే. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు డెహ్రాడూన్ వచ్చి ఆఫీసు పనిలో కూర్చున్నాడు. (సోమవారం డిప్లాయ్‌మెంట్ ఫెయిలైతే మంగళవారం మొహం మామూలుగా పెట్టుకోలేని మనబోటి వాళ్ళం ఇక్కడ ఒక నమస్కారం పెట్టుకోవాలి.)

1915 ఫిబ్రవరిలో గదర్ వాళ్ళతో కలిసి సైన్యంలో తిరుగుబాటు లేపాలనుకున్న పథకం ముందే బయటపడిపోయింది. తోటివాళ్ళకి ఉరిశిక్షలు పడ్డాయి. ఈయన మే నెలలో కలకత్తాలో జపాన్ ఓడ ఎక్కాడు, రవీంద్రనాథ్ టాగోర్ బంధువునని చెప్పుకుని, ఠాగూర్ ఇంటిపేరుతో. జూన్ కల్లా జపాన్‌లో ఉన్నాడు.

ఇక మొదటి రెస్టారెంటు ఇక్కడ వస్తుంది. ఉవెనో పార్కులో సెయియోకెన్ అని ఒక పాశ్చాత్య పద్ధతి భోజనశాల, మెయిజీ కాలం నాటిది, 1876లో అక్కడ పెట్టారు. 1915 నవంబరు 27న అక్కడ భారతీయులు ఒక సభ జరిపారు. పైకి అది కొత్త చక్రవర్తి పట్టాభిషేకానికి అభినందన సభ. అప్పుడు టోక్యోలోనే ఉన్న లాలా లజపతి రాయ్ అందులో మాట్లాడారు. సభ కాస్తా బ్రిటిష్ వ్యతిరేక సభ అయి కూర్చుంది. మర్నాడే బోస్‌కీ, ఆయనతో ఉన్న హేరంబలాల్ గుప్తాకీ దేశం విడిచి పొమ్మని ఉత్తర్వు వచ్చింది. అప్పటికి ఇంగ్లండు, జపాన్ మిత్రదేశాలు, 1902 నుంచి ఒప్పందం ఉంది. గడువు డిసెంబరు 2. అప్పుడున్న ఓడలు షాంఘై, హాంకాంగ్ వైపు పోయేవే. అంటే ఎక్కితే నేరుగా ఇంగ్లీషు వాడి చేతిలోకే.

చేరదీసింది ఎవరయ్యా అంటే ఒక బేకరీ వాళ్ళు. సోమా ఐజో, ఆయన భార్య కొక్కో. 1901లో టోక్యో యూనివర్సిటీ ఎదురుగా ఉన్న నకమురాయ అనే బన్నుల కొట్టుని కొనుక్కుని వ్యాపారం మొదలుపెట్టారు. 1904లో క్రీము బన్ను కనిపెట్టారు. 1909లో షింజుకులో ఇప్పుడున్న చోటికి మారారు. కొక్కోకి సాహిత్యం, కళలంటే ప్రాణం. కొట్టు వెనక చిత్రకారులకి, శిల్పులకి ఒక స్టూడియో కట్టించి ఇచ్చారు. బోస్ వార్త పేపర్లో చదివి అయ్యో అనుకున్నారు. అంతటితో ఆగకుండా మా స్టూడియోలో దాచుకుంటాం అన్నారు. డిసెంబరు 1 రాత్రి, పోలీసులు ముందు గుమ్మం దగ్గర కాపలా కాస్తుండగానే, తోయామ మిత్సురు అనే జాతీయవాద నాయకుడి ఇంటి వెనక దారిన ఇద్దరినీ తప్పించి కారులో నకమురాయకి చేర్చారు.

నాకు ఈ కథలో బాగా పట్టుకునేది ఈ భాగమే. కొట్టులో బన్నులు కొనడానికి జనం వచ్చిపోతుంటారు. పనివాళ్ళు బోలెడుమంది. వెనక గదిలో బ్రిటిష్ సామ్రాజ్యం వెతుకుతున్న మనిషి. కొన్ని నెలల పాటు ఆ సంగతి బయటికి పొక్కలేదు. ఒక్కరు నోరు జారినా కొట్టు మూతపడేది.

1916లో ఉత్తర్వు ఎత్తేశారు. కానీ బ్రిటిష్ గూఢచారులు వదల్లేదు, బోస్ ఇళ్ళు మారుతూనే ఉన్నాడు. తోడుగా జపాన్ మనిషి ఉంటేనే క్షేమం అని తోయామ ఒక ప్రతిపాదన తెచ్చాడు. అలా 1918లో సోమా వాళ్ళ పెద్దమ్మాయి తోషికోతో పెళ్ళి. ప్రేమ పెళ్ళి అనలేం, రక్షణ కోసం చేసిన పెళ్ళి. తర్వాత ప్రేమ అయిందని అందరూ చెబుతారు. ఇద్దరు పిల్లలు. 1923లో బోస్‌కి జపాన్ పౌరసత్వం వచ్చింది, ఇక దాక్కోనక్కర్లేదు. రెండేళ్ళు తిరక్కుండా, 1925లో తోషికో జబ్బు చేసి చనిపోయింది. ఇన్నేళ్ళూ ఇల్లు మారుతూ, కిటికీలు మూసుకుని బతికిన ఆరోగ్యం పాపం ఎంతకని నిలుస్తుంది.

ఇప్పుడు కూర దగ్గరికొద్దాం. 1923 భూకంపం తర్వాత టోక్యో జనం పడమటి వైపుకి మళ్ళారు, షింజుకు పెరిగింది. పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లు పక్కన వచ్చి కూర్చున్నాయి. నకమురాయకి గిరాకీ తగ్గింది. కూర్చుని తినడానికి చోటుంటే బాగుండునని జనం అడుగుతున్నారు. కొట్టులో టిఫిన్ గది పెడదామనుకున్నప్పుడు అల్లుడు అన్నమాట: పెడితే అసలైన భారతీయ కూర పెట్టండి, ఇప్పుడు ఇక్కడ తింటున్నది ఇంగ్లీషువాళ్ళ కూర.

1927 జూన్ 12న మొదలైంది. పేరు 'శుద్ధ భారతీయ పద్ధతి కరీ'. అందరూ 'కరే' అనేదాన్ని వీళ్ళు పట్టుబట్టి 'కరీ' అని రాశారు, ఇప్పటికీ అలాగే రాస్తారు. బయట కూర పళ్ళెం 10, 12 సెన్లు ఉన్న రోజుల్లో దీని ధర 80 సెన్లు! అంటే ఏడెనిమిది రెట్లు. ఎందుకంత? షామో అనే పందెం కోడి జాతిని సొంతంగా పెంచి కోసేవారు. ఎదో కాలం నాటి షిరోమె అనే మేలురకం బియ్యం తెప్పించారు. పిండి కలపని మసాలా, పెరుగు, ఎముకతో ఉన్న కోడి. పిండిపులుసుకి అలవాటు పడ్డ నోళ్ళకి మొదట్లో వింతగా తోచినా హిట్టయింది. వ్యాపారపరంగా చూస్తే మొండి పని. రాజకీయంగా చూస్తే ఇంకా మొండి పని. మన దేశాన్ని ఇంగ్లీషువాడి చేతిలోంచి లాక్కోలేకపోయిన మనిషి, కనీసం మన కూరని వాడి చేతిలోంచి లాక్కున్నాడు.

'ప్రేమ, విప్లవాల రుచి' అని ఇప్పుడు నకమురాయ వాళ్ళ ప్రచారం. షింజుకులో పాత చోటనే 2014లో కొత్త బిల్డింగు కట్టారు. కింద బేస్‌మెంటులో 'మన్నా' అనే రెస్టారెంటు, పైన మూడో అంతస్తులో వాళ్ళు పోషించిన కళాకారుల చిత్రాలకి చిన్న మ్యూజియం. మెనూలో బోర్ష్ట్ సూపు కూడా కనిపిస్తే ఆశ్చర్యపోకండి. దాని వెనక ఎరొషెంకో అనే అంధ రచయిత ఉన్నాడు, ఆయన్నీ ఈ దంపతులే చేరదీశారు, 1921లో జపాన్ ప్రభుత్వం వెళ్ళగొట్టేదాకా. కూర సంగతికొస్తే, మనకి కారం చాలదు, ముందే చెబుతున్నా. గుంటూరు నాలుకతో వెళ్ళి కొలవకండి. అంత దూరం వెళ్ళలేకపోతే ఇదే కూర పాకెట్లలో సూపర్ మార్కెట్లలో దొరుకుతుంది.

ఇక్కడిదాకా చెబితే అందరికీ నచ్చుతుంది. ఇంతటితో ఆపేస్తే బాగుండును గానీ, సగం కథ అవుతుంది.

బోస్‌కి నీడనిచ్చిన తోయామ మామూలు పరోపకారి కాదు. 'ఆసియా ఆసియావాళ్ళదే' అనే మాట వెనక జపాన్ సామ్రాజ్య విస్తరణని మోసిన వర్గానికి పెద్ద దిక్కు. జపాన్ 1910లోనే కొరియాని మింగేసింది. 1931లో మంచూరియా, 1937 నుంచి చైనా. 1920ల మధ్యలో బోస్ జపాన్ ధోరణిని విమర్శిస్తూ రాశాడు. ఆసియా విముక్తి అంటూ మీరే ఆసియాని తొక్కుతున్నారేమిటని. తర్వాత్తర్వాత ఆ గొంతు తగ్గిపోయింది. బోస్ మీద లోతుగా పరిశోధించిన చరిత్రకారుడు తకెషి నకజిమా ఈ సంగతి దాచకుండా రాశాడు. టాగోర్ మాత్రం ఊరుకోలేదు. 1938లో చైనా యుద్ధం మీద తన జపాన్ మిత్రుడు, కవి యోనె నొగుచికి మొహమాటం లేకుండా ఉత్తరాలు రాశాడు. టాగోర్ శాంతినికేతన్‌లో కూర్చుని రాశాడు. బోస్ టోక్యోలో, జపాన్ పాస్‌పోర్టుతో, జపాన్ అత్తమామల నీడన ఉన్నాడు. ఈ తేడా ఆయన మౌనానికి కారణం చెబుతుంది. ఆ మౌనాన్ని ఒప్పు మాత్రం చెయ్యదు.

తన పక్క వాదన కూడా వినాలి. ఇంగ్లీషువాణ్ణి వెళ్ళగొట్టడానికి ఆయనకి దొరికిన ఆయుధం ఒక్కటే, అది జపాన్. 1942లో టోక్యో, బ్యాంకాక్ సభలు పెట్టి ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్‌ని నిలబెట్టాడు. ఆ ఏడాది చివర్లో సైన్యాధిపతి మోహన్ సింగ్‌తో గొడవ ముదిరి మొదటి ఆజాద్ హింద్ సైన్యం చెదిరిపోయింది. ఈయన జపాన్ వాళ్ళ మనిషని చాలామంది భారతీయ సైనికుల అనుమానం. 1943 జులై 4న సింగపూర్‌లో మొత్తం పగ్గాలు సుభాష్ చేతిలో పెట్టి పక్కకి తప్పుకున్నాడు. పదవి వదలడానికి మనవాళ్ళు ఎంత గింజుకుంటారో తెలుసుగా, ఈయన నవ్వుతూ ఇచ్చేశాడు. 1945 జనవరి 21న టోక్యోలో చనిపోయాడు. స్వాతంత్ర్యానికి రెండున్నరేళ్ళ ముందు. 1915లో ఓడెక్కాక మళ్ళీ ఇండియా చూడనేలేదు. కొడుకు మసహిదె జపాన్ సైన్యంలో పనిచేస్తూ అదే ఏడాది ఒకినావా యుద్ధంలో చనిపోయాడు. బాకీ ఎంత తీర్చుకున్నారో లెక్కేసుకోండి.

రెండో చోటు గింజాలో, కబుకి నాటకశాలకి దగ్గర్లో. పేరు నాయర్ రెస్టారెంటు. స్థాపించినది ఏ.ఎం. నాయర్, కేరళ మనిషి, 1905లో పుట్టాడు. 1928లో క్యోటో యూనివర్సిటీలో సివిల్ ఇంజినీరింగ్ చదవడానికొచ్చాడు. అవును, మనలాగే ఇంజినీరు, మనలాగే చదువుకని వెళ్ళి అక్కడే ఉండిపోయినవాడు. లీగ్‌లో రాస్ బిహారీకి కుడిభుజం. యుద్ధం అయిపోయింది, జపాన్ ఓడిపోయింది, ఇండియాకి స్వాతంత్ర్యం వచ్చింది. ఇరవై ఏళ్ళ పని ఒక్కసారిగా ముగిసిపోయిన మనిషి ఏం చేస్తాడు? 1949లో టోక్యోలో కూర వండి అమ్మడం మొదలెట్టాడు. 'ఇందిర' పేరుతో కూర పొడి కూడా తెచ్చాడు.

అక్కడ తినాల్సింది 'మురుగీ లంచ్'. రాత్రి వెళ్ళినా దాని పేరు లంచే :) గంటల తరబడి ఉడికించిన కోడి కాలు, పసుపు అన్నం, క్యాబేజీ, ఆలుగడ్డ. వెయిటరు మీ ముందే చెంచా, ఫోర్కుతో ఎముక చకచకా తీసేస్తాడు. తీసి, అన్నీ బాగా కలిపి తినమని చెబుతాడు. ఇందులో గొప్పేముంది అంటారా? జపాన్ వాళ్ళు అన్నం ఒకవైపు, కూర ఒకవైపు ఉంచుకుని అంచున కొంచెం కొంచెం తింటారు, కలపరు. పక్క టేబులు దగ్గర సూటు వేసుకున్న ఒక పెద్దాయన ఆ మాట విని, బిడియంగానే మొదలెట్టి, చివరికి మన ఇంట్లో పప్పన్నం కలిపినట్టు కలిపేయడం నేను చూశాను. డెబ్భై ఏళ్ళకి పైగా ఒక ఊరికి అన్నం కలుపుకోవడం నేర్పిన హోటలు అది. ఆజాద్ హింద్ వాళ్ళు సాధించలేకపోయిన విజయాల పక్కన ఇది చిన్నదే గానీ, ఇది నిలిచింది.

నాయర్ హోటల్ నుంచి నడిచి వెళ్ళగలిగే దూరంలో, గింజా ఏడో బ్లాకులో, లయన్ బీర్ హాల్ ఉంది. తాగేవాళ్ళకి సరే, తాగనివాళ్ళు కూడా ఒకసారి లోపలికి వెళ్ళి చూడాలి. 1934లో కట్టారు. ఎత్తయిన స్తంభాలు, ఎదురు గోడ నిండా రంగు గాజు ముక్కలతో బార్లీ కోతల చిత్రం. గుడిలో బీరు అమ్ముతున్నట్టు ఉంటుంది. బాంబుల్లో బయటపడింది. 1945లో అమెరికా సైన్యం దీన్ని తన వాళ్ళకే పరిమితం చేసుకుంది, 1952లో గానీ ఊరివాళ్ళకి తిరిగి దక్కలేదు. అంటే 1949లో నాయర్ పొయ్యి వెలిగించే నాటికి, ఆ వీధుల్లో జపాన్ వాళ్ళే తమ బీర్ హాల్లోకి వెళ్ళలేని స్థితి. సొంత ఊళ్ళో పరాయివాడు కావడమంటే ఏమిటో ఒక భారతీయుడు వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేని రోజులవి.

టోక్యోలో మన తిండి తర్వాత పెరుగుతూ పోయింది. 1957లో కుదాన్‌లో అజంతా వచ్చింది, మూడేళ్ళ ముందు అసగయలో కాఫీ కొట్టుగా మొదలై. వైటూకే పుణ్యమా అని మనబోటి వాళ్ళు విమానాల్లో దిగాక నిషి కసాయ్ ఒక చిన్న ఇండియా అయింది. ఒకాచిమాచిలో ఆంధ్రా పేరుతోనే ఒక హోటలు వచ్చింది, పప్పు, పులుసు, అన్నీ. అది మన నాలుక కోసం. పాత రెండూ మన జ్ఞాపకం కోసం.

వెళ్ళేవాళ్ళకి దారి చెబుతాను. మెట్రోలో ఎర్ర రంగు మరునౌచి లైను పట్టుకోండి. మొదట హిగాషి కోయెంజి స్టేషన్లో దిగి కొంచెం నడిస్తే రెంకోజి గుడి. 1945 ఆగస్టు 18 విమాన ప్రమాదం తర్వాత తెచ్చిన సుభాష్ చితాభస్మం అని చెప్పేది అక్కడ భద్రపరిచారు. అది ఆయనది కాదనే వాదన మనకి తెలిసిందే, ఆ తగువు ఇక్కడొద్దు. 1957లో నెహ్రూ, 2001లో వాజ్‌పేయి వెళ్ళి దణ్ణం పెట్టుకున్నారు. ఆవరణలో సుభాష్ విగ్రహం ఉంది. ఆయనతో జర్మనీ నుంచి జలాంతర్గామిలో వచ్చిన ఆబిద్ హసన్ మన హైదరాబాదు వాడే, అది కూడా అక్కడ గుర్తు చేసుకోండి. మళ్ళీ అదే లైనులో నాలుగో స్టేషను షింజుకు, మధ్యాహ్నం నకమురాయ కూర. అదే రైల్లో ఇంకాస్త ముందుకెళ్తే గింజా, రాత్రికి నాయర్. ఒక్క రోజు, ఒక్క రైలు లైను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మనం కూడా ఒకరి గడ్డ మీద ఒకరిచ్చిన స్టాంపుతో బతుకుతున్నవాళ్ళమే. మన ప్రాణాలకేం ముప్పు లేదు, రాస్ బిహారీతో పోల్చుకోవడం ఎక్కువే. కానీ ఆదరించిన దేశం తప్పు చేస్తున్నప్పుడు అతిథి ఎంతవరకు మాట్లాడాలి అనే ప్రశ్న మాత్రం మనకీ ఉంది. వీసా రెన్యువల్ నెలలో మనలో ఎంతమంది నోరు విప్పుతాం? నేను విప్పలేదు, ఒప్పుకుంటున్నాను. అందుకే ఆయన మౌనం మీద తీర్పు చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం తగ్గుతుంది. కొరియా వాడో చైనా వాడో చెబితే తగ్గనక్కర్లేదు, వాళ్ళకా హక్కుంది.

అన్నట్టు, నకమురాయ మెనూలో ఎనభై సెన్ల నాటి నుంచి అక్షరం మారని ఆ 'కరీ' అన్న మాటని ఒకసారి వేలుపెట్టి చూపించి ఆర్డరివ్వండి. సూట్‌కేసులో ఆవకాయ కూడా తీసుకెళ్ళండి, కాదనను.